డీవీడీ ఎన్‌కోడింగ్: గంటలు ఎక్కడ కరిగిపోతున్నాయి

16ఎక్స్ వేగమున్న రైటర్ ఒక నిండు డీవీడీని ఆరు నిమిషాలకు అటూఇటూగా రాసేస్తుంది. అంతకుముందు ఆ వీడియోను డీవీడీ రూపంలోకి కుదించి మార్చే పని, అంటే ఎన్‌కోడింగ్ మాత్రం 2000ల నాటి ఇంటి కంప్యూటర్‌లో తెల్లవార్లూ సాగేది. ఇప్పటి యంత్రాలు ఎన్నో రెట్లు చురుకైనవే, అయినా ఫోన్‌లో తీసిన పెళ్లి వీడియోను డిస్కుకెక్కించబోతే గంటలు గడిచిపోవడం మామూలే. విసుగెత్తినవారు ఇంకా వేగమైన రైటర్ కోసమో, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కోసమో చూస్తారు. ఈ పనికి మొదటిది దాదాపు అక్కరకు రాదు, రెండోది వచ్చినా అరకొరగానే. కాలాన్ని తింటున్న చోటు వేరు. అక్కడ జరుగుతున్న పనిలో పెద్ద భాగం అసలు చేయనవసరం లేనిదని తరచి చూస్తే తెలుస్తుంది.

ఉదాహరణకు రెండు గంటల పెళ్లి వీడియో అనుకుందాం. అది బీరువాలో ఉన్న పాత మినీ డీవీ టేపుల్లోనిది కావచ్చు, నిన్నమొన్న ఫోన్‌లో 4కే నాణ్యతతో తీసినది కావచ్చు. రెండూ చివరికి ఒకే డిస్కులోకి చేరేవే అయినా, కంప్యూటర్ వాటి మీద వెచ్చించే కాలం మాత్రం ఒకే చోట ఖర్చు కాదు.

మన దేశం పాటించే పాల్ టీవీ పద్ధతిలో డీవీడీ ఫ్రేమ్ 720×576 పిక్సెళ్లు. సెకనుకు 25 ఫ్రేములు. డీవీడీ వీడియో వాడే ఎంపెగ్-2 పద్ధతి ప్రతి ఫ్రేమునూ 16×16 పిక్సెళ్ల గడులుగా విడదీస్తుంది. అడ్డంగా 45, నిలువుగా 36, మొత్తం 1,620 గడులు. కొన్ని ఫ్రేములు మాత్రమే పూర్తి బొమ్మలుగా నిలుస్తాయి. మిగతా వాటిలో ప్రతి గడికీ, ‘ఈ ముక్క ముందు ఫ్రేములో ఎక్కడ ఉండేది, అక్కడి నుంచి ఎంత జరిగింది’ అని వెతికి, జరిగిన దూరాన్నీ మిగిలిన తేడానూ రాసుకుంటారు. రెండు గంటలకు 26 గిగాబైట్లయ్యే మినీ డీవీ వీడియో 4.7 గిగాబైట్ల డిస్కులో ఇమిడేది ఈ కిటుకు వల్లే. కాలం హరించుకుపోయేదీ ఇక్కడే.

ఎంతగా హరిస్తుందో లెక్కవేసి చూడవచ్చు. ఒక గడిని అన్ని వైపులా 16 పిక్సెళ్ల దూరం దాకా ఒక్కొక్క స్థానమూ వదలకుండా వెతికితే 33×33, అంటే 1,089 స్థానాలు. ప్రతి స్థానంలో 256 పిక్సెళ్ల తేడాలు తీసి కూడాలి. ఒక గడికి 2.78 లక్షల తేడాలు, ఒక ఫ్రేముకు 45 కోట్లు, ఒక సెకను వీడియోకు 1,129 కోట్లు. రెండు గంటలకు 81 లక్షల కోట్లు దాటుతుంది. ఇది ఒక్క వైపు వెతుకులాటకే. వెనక ఫ్రేమునూ ముందు ఫ్రేమునూ రెంటినీ చూసే బీ-ఫ్రేములకు పని ఇంకా పెరుగుతుంది. పైగా ఎంపెగ్-2 అర పిక్సెల్ కదలికను కూడా పట్టుకుంటుంది కనుక దొరికిన స్థానం చుట్టూ మరో విడత సరిచూపు ఉంటుంది.

అందుకే సరైన ఎన్‌కోడర్ ఏదీ అన్ని స్థానాలనూ గాలించదు. జాతరలో తప్పిపోయిన పిల్లవాడి కోసం ఊరంతా తిరగకుండా, చివరిసారి కనిపించిన అంగడి చుట్టుపక్కల మొదట వెతికినట్టు, పక్క గడి ఎటు జరిగిందో చూసి అక్కడి నుంచి మొదలుపెడుతుంది. చుట్టూ నాలుగైదు స్థానాలు చూసి, వాటిలో మెరుగైన దాని వైపు ఒక అడుగు వేసి, మళ్లీ చుట్టూ చూస్తుంది. వెయ్యికి పైగా స్థానాలు పదుల సంఖ్యకు దిగుతాయి. సరిపోయే జాడ దొరికితే అక్కడితో ఆగిపోతుంది. ఎన్‌కోడర్ సెట్టింగుల్లో ‘మోషన్ సెర్చ్’ పేరిట కనిపించే మెట్లన్నీ ఈ గాలింపు ఎంత లోతుగా సాగాలో చెప్పేవే.

మధ్య మెట్టు నుంచి చిట్టచివరి మెట్టుకు మారితే సమయం రెట్టింపో అంతకు మించో కావచ్చు. బొమ్మలో తేడా మాత్రం బిట్‌రేటును, అంటే ఒక్కో సెకను వీడియోకు దక్కే బిట్ల సంఖ్యను బట్టి ఉంటుంది. వెతుకులాటలో కాస్త లోపం ఉన్నా, మిగిలిన తేడాను రాసుకోవడానికి చాలినన్ని బిట్లు ఉంటే కంటికి ఏమీ తెలియదు. బిట్లకు కరువున్న చోటే లోతైన వెతుకులాటకు విలువ. ఈ ఒక్క సంగతి గ్రహించక, గంటసేపటి వీడియోకు కూడా ‘అత్యుత్తమ నాణ్యత’ మెట్టు పెట్టి రాత్రంతా యంత్రాన్ని నడిపేవారే ఎక్కువ. బ్లూరేకు వాడే మరో కుదింపు పద్ధతి హెచ్.264. దాని ఎన్‌కోడర్ ఎక్స్264లో ‘అల్ట్రాఫాస్ట్’ నుంచి మొదలయ్యే పది ప్రీసెట్లలో (ముందే కూర్చిన సెట్టింగుల్లో) అన్నిటికన్నా నెమ్మదైనదానికి దాన్ని తయారుచేసినవారే ‘ప్లసీబో’ (మందు లేని ఉత్తుత్తి మాత్ర) అని పేరు పెట్టారు. అంతకన్నా నిక్కచ్చిగా హెచ్చరించడం కష్టం.

వెతుకులాట పద్ధతి తర్వాత లెక్కలోకి వచ్చేది ఒకేసారి ఎన్నో అంకెల మీద పనిచేసే ప్రాసెసర్‌లోని ప్రత్యేక ఆదేశాలు. 1997లో ఇంటెల్ పెంటియమ్‌కు ఎంఎంఎక్స్ అనే అలాంటి ఆదేశాల వరుసను చేర్చింది. 1999లో పెంటియమ్ 3తో వచ్చిన ఎస్ఎస్ఈలో సరిగ్గా ఈ పనికోసమే అన్నట్టు ఒక ఆదేశం ఉంది. ఎనిమిది జతల పిక్సెళ్ల తేడాలు తీసి, మైనస్ గుర్తులు తీసేసి, అన్నిటినీ కూడి ఒక్క అంకెగా ఇస్తుంది. 256 తేడాల పని 32 ఆదేశాలతో, వాటిని కలిపే కొన్ని కూడికలతో ముగుస్తుంది. 2000 చివర పెంటియమ్ 4తో వచ్చిన ఎస్ఎస్ఈ2 దాన్ని 16 జతలకు, 2013 నాటి ఏవీఎక్స్2 32 జతలకు పెంచాయి. అయితే ఈ ఆదేశాలను సాఫ్ట్‌వేర్ వాడుకుంటేనే ప్రయోజనం. ఎప్పుడో రాసి వదిలేసిన ఎన్‌కోడర్‌ను కొత్త ప్రాసెసర్ మీద నడిపితే అది పాత దారినే నడుస్తుంది. కొత్త కంప్యూటర్ కొనే ముందు ఎన్‌కోడర్‌ను తాజా రూపానికి మార్చి చూడటం ఖర్చు లేని పని. 2000లో మొదలై ఇప్పటికీ మెరుగవుతూనే ఉన్న ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటిది ఉచితంగానే దొరుకుతుంది. ఎన్నో ఉచిత డీవీడీ తయారీ సాఫ్ట్‌వేర్లు లోపల వాడేది దాన్నే.

ఇక రెండు పాస్‌ల సంగతి. ఎన్‌కోడర్ వీడియోను మొదట ఒకసారి చూసి, ఎక్కడ కదలిక ఎక్కువో ఎక్కడ తక్కువో గుర్తుపెట్టుకుని, రెండోసారి బిట్లను పంచుతుంది. మంచి పద్ధతే. కానీ ఎన్నో ఎంపెగ్-2 ఎన్‌కోడర్లలో మొదటి పాస్ కూడా దాదాపు రెండోదానంత సేపు పడుతుంది. కాబట్టి అది నిజంగా అవసరమా అన్న ప్రశ్నకు మొత్తం సమయంలో సగం విలువ ఉంది. జవాబు కూడికలు తీసివేతలతోనే తేలిపోతుంది. 4.7 గిగాబైట్ల డిస్కు అంటే 3,760 కోట్ల బిట్లు. రెండు గంటలకు, అంటే 7,200 సెకన్లకు పంచితే సెకనుకు 5.2 మెగాబిట్లు. ఆడియోకు 192 కిలోబిట్లు, మెనూలకూ కూర్పుకూ కొంత తీసేస్తే వీడియోకు 4.8 మెగాబిట్లు మిగులుతాయి. ఇక్కడ బిట్లు పొదుపుగా పంచాలి, రెండో పాస్‌కు అర్థముంది.

అదే వీడియో గంటసేపటిదే అయితే సెకనుకు 10.4 మెగాబిట్లు దొరుకుతాయి. డీవీడీ ప్రమాణం వీడియోకు ఒప్పుకునేదే 9.8, అన్నీ కలిపి 10.08. పైగా ఇంట్లో రాసిన డిస్కు ఆ అంచుల్లో ఉంటే పాత ప్లేయర్లు తడబడతాయి కనుక 8 దగ్గర ఆగడం మేలు. 8 మెగాబిట్ల స్థిరమైన బిట్‌రేటుతో 70 నిమిషాల దాకా ఒక డిస్కులో సునాయాసంగా పడుతుంది. అలాంటప్పుడు రెండో పాస్ పంచడానికి ఏమీ లేదు, పిసినారి లెక్కలు అవసరం లేదు. ఒకే పాస్, మధ్యస్థ వెతుకులాట చాలు. రెండు గంటల పెళ్లిని పెళ్లి ఒక డిస్కు, రిసెప్షన్ ఒక డిస్కుగా విడదీస్తే ఎన్‌కోడింగ్ సమయం సగానికి దిగుతుంది, బొమ్మ కూడా మెరుగవుతుంది. దీనికైన అదనపు ఖర్చు ఒక ఖాళీ డిస్కు ధర. 8.5 గిగాబైట్ల రెండు పొరల డిస్కుతోనూ ఇదే ఫలితం వస్తుంది గానీ దాని ధర ఎక్కువ, కొన్ని పాత ప్లేయర్లు దాన్ని చదవడానికి మొరాయిస్తాయి.

మూడు గంటలు దాటిన వీడియోకు వ్యతిరేక దారి. డీవీడీ ప్రమాణం 352×576 పరిమాణాన్ని కూడా అనుమతిస్తుంది. గడులు 1,620 నుంచి 792కు, అంటే సగానికన్నా కిందికి దిగుతాయి, పనీ ఆ మేరకు తగ్గుతుంది. 1990ల పెళ్లిళ్ల వీహెచ్ఎస్ టేపులకు ఇది చక్కగా నప్పుతుంది. వీహెచ్ఎస్ అడ్డంగా చూపగలిగే వివరం సుమారు 240 గీతలే. దాన్ని 720 పిక్సెళ్లకు సాగదీస్తే పెరిగేది వివరం కాదు, టేపు మీది రవ్వలు, అంటే బొమ్మ నిండా మిణుకుమనే సన్నని చుక్కలు.

ఆ రవ్వల వల్ల మరో నష్టముంది. మసక వెలుతురులో తీసిన దృశ్యంలోనూ, పాత టేపులోనూ ప్రతి ఫ్రేమూ సన్నని రవ్వలతో మారుతూ ఉంటుంది. కదలని గోడ కూడా ఎన్‌కోడర్ కంటికి కదిలినట్టే ఉంటుంది. ఏ స్థానమూ సరిగ్గా సరిపోలదు కనుక వెతుకులాట తొందరగా ఆగదు, మిగిలిన తేడా కూడా బిట్లను మింగేస్తుంది. రవ్వలను తగ్గించే ఫిల్టర్ పెడితే ఎన్‌కోడర్ పని తేలికవుతుంది. అయితే అలాంటి ఫిల్టర్లలో మేలైనవిగా పేరుపడ్డవి తమంతట తాము మరో కదలిక వెతుకులాట చేస్తాయి. ఎన్‌కోడర్‌కు మిగిల్చిన నిమిషాలకన్నా ఎక్కువ నిమిషాలు అవే తింటాయి. ఇంటి వీడియోకు వరుస ఫ్రేములను కాస్త సగటు చేసే తేలికపాటి ఫిల్టర్ చాలు.

అసలు ఫిల్టర్ల మీదే ఎక్కువ అనుమానం ఉండాలి. మినీ డీవీ టేపు విషయమే చూస్తే, అందులోని వీడియో 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ప్రతి ఫ్రేమూ రెండు ఫీల్డులుగా (ఒక దానిలో సరి గీతలు, మరోదానిలో బేసి గీతలు) అల్లుకున్న ఇంటర్‌లేస్డ్ బొమ్మ. డీవీడీ కూడా సరిగ్గా ఇదే కొలతలను, ఇదే అల్లికను ఒప్పుకుంటుంది. పరిమాణం మార్చక్కరలేదు, ఫ్రేముల సంఖ్య మార్చక్కరలేదు, అల్లికను విప్పక్కరలేదు. అయినా కంప్యూటర్ తెర మీద దువ్వెన పళ్లలా కనిపించే గీతలను చూసి హడలిపోయి డీఇంటర్‌లేస్ చేసేస్తారు. అది నెమ్మదైన పని, పైగా కదలికలోని సగం నునుపు పోతుంది. టీవీ ఆ గీతలను చూపదు. గమనించవలసింది ఒక్కటే: డీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది. ఎన్‌కోడర్‌కు ఆ సంగతి సరిగ్గా చెప్పాలి. తప్పు చెబితే టీవీలో నడిచే మనిషి ముందుకూ వెనక్కూ ఊగిసలాడుతూ కనిపిస్తాడు, మొత్తం మళ్లీ చేయాలి. డీవీ నుంచి డీవీడీకి ఏ ఫిల్టరూ లేకుండా వెళ్తే, ఇప్పటి మామూలు నాలుగు కోర్ల ప్రాసెసర్ కూడా ఆ పనిని వీడియో నిడివికన్నా ఎన్నో రెట్లు త్వరగా ముగిస్తుంది.

ఫోన్ వీడియోది వేరే కథ. ఇక్కడ పాత జ్ఞానం తలకిందులవుతుంది. 1920×1080 ఫ్రేములో 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. డీవీడీ ఫ్రేములోని 4.15 లక్షలకు సరిగ్గా ఐదు రెట్లు. 4కే అయితే 20 రెట్లు. అంటే ఎన్‌కోడర్ ఒక పిక్సెల్ రాయడానికి ముందు డీకోడర్ 20 పిక్సెళ్లు విప్పాలి. అవి కూడా ఎంపెగ్-2కన్నా ఎంతో చిక్కుముడిగా ఉండే హెచ్.264లోనో హెచ్ఈవీసీలోనో కుదించినవి. ఆ తర్వాత వాటిని కుంచించాలి. ఎన్‌కోడర్ చాలాసేపు ఖాళీగా, పైనుంచి ఫ్రేము ఎప్పుడు దిగుతుందా అని కూర్చుంటుంది. ఇలాంటప్పుడు మోషన్ సెర్చ్ మెట్టు తగ్గిస్తే నాణ్యత పోతుందే తప్ప గడియారం కదలదు. గ్రాఫిక్స్ చిప్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడ: ఎన్‌కోడింగ్‌కు కాదు, డీకోడింగ్‌కు. ఇప్పటి చిప్‌లలో దాదాపు అన్నిటిలోనూ హెచ్.264, హెచ్ఈవీసీ విప్పే ప్రత్యేక భాగం ఉంటుంది. వీలైతే కుంచించే పని కూడా అక్కడే చేయించి, చిన్నబడిన ఫ్రేమునే ప్రాసెసర్‌కు తెప్పించుకోవాలి. 4కే ఫ్రేములను విప్పినవి విప్పినట్టే మెమరీలోకి మోసుకొస్తే మోతకే సమయం పోతుంది.

ఇదే కారణంగా ఫిల్టర్ల వరుస కూడా ముఖ్యమే. మొదట కుంచించి, తర్వాత రంగులు సరిదిద్దడమో రవ్వలు తీయడమో చేస్తే ఆ పని ఐదో వంతుకో ఇరవయ్యో వంతుకో దిగుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మామూలుగా దీనికి వ్యతిరేకంగా చేస్తాయి, ఎందుకంటే ప్రాజెక్టు 4కేలో ఉంటుంది. గమ్యం డీవీడీ ఒక్కటే అయితే ప్రాజెక్టును మొదటి నుంచే డీవీడీ పరిమాణంలో పెట్టుకోవడం చిన్న జాగ్రత్త, పెద్ద ఆదా.

ఏ భాగం ఆలస్యం చేస్తోందో ఊహించనక్కరలేదు, కొలవవచ్చు. ఒక నిమిషం ముక్క తీసుకుని మొదట ఫలితాన్ని ఎక్కడా రాయకుండా కేవలం డీకోడ్ చేయించాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో దీనికి సదుపాయం ఉంది. తర్వాత ఫిల్టర్లు కలిపి, చివరికి ఎన్‌కోడర్ కూడా కలిపి నడపాలి. మూడు సమయాల మధ్య తేడాలు చూస్తే దొంగ దొరుకుతాడు. ఈ పది నిమిషాల శ్రమ పెట్టకుండా సెట్టింగులు మార్చుతూ పోవడం చీకట్లో రాయి విసరడమే.

విండోస్‌లోని టాస్క్ మేనేజర్ కూడా కొంత చెబుతుంది. నాలుగు కోర్ల యంత్రంలో మొత్తం వాడకం 25 శాతం దగ్గర గీత గీసినట్టు నిలిచిపోతే, ఏదో ఒక భాగం ఒకే కోర్ మీద నడుస్తూ మిగతా వాటిని ఆపుతోందని అనుమానించాలి. వీడియోను స్క్రిప్టు రాసి మార్చే అవీసింత్ అనే సాఫ్ట్‌వేర్ పాత స్క్రిప్టుల్లోనూ, కొన్ని ఎడిటర్లలోనూ ఇది తరచు కనిపిస్తుంది. కంప్యూటర్ నిర్మాణ నిపుణుడు జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన లెక్క ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: పనిలో ఐదో వంతు ఒకే వరుసలో జరగవలసినదైతే, ఎన్ని కోర్లు పెట్టినా వేగం ఐదు రెట్లు మించదు. ఈ గోడను దాటే మార్గం ఒకటుంది, అది ఇంటి వీడియోలకు భలే కుదురుతుంది. నిశ్చితార్థం, పెళ్లికొడుకును చేయడం, ముహూర్తం, రిసెప్షన్ అంటూ వీడియో ఎలాగూ విడివిడి భాగాలుగానే ఉంటుంది. రెండు మూడు భాగాలను ఒకేసారి వేర్వేరు ఎన్‌కోడర్లకు అప్పగిస్తే ఖాళీ కోర్లన్నీ పనిలోకి దిగుతాయి. చివర మెనూ కూర్చే దశలో వాటిని మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండానే వరుసగా చేర్చుకోవచ్చు. కరెంటు పోయే ఊళ్లలో దీనికి మరో లాభం: మూడో గంటలో కరెంటు పోతే పోయేది సగంలో ఉన్న భాగాలే, మొత్తం కాదు.

ఇతర చిట్కాలలో చాలావాటికి ఇంత బరువు లేదు. మెమరీ చాలినంత ఉన్న తర్వాత ఇంకా పెంచితే ఎన్‌కోడింగ్ వేగం పెరగదు. టాస్క్ మేనేజర్‌లో ఎన్‌కోడర్ ప్రాధాన్యాన్ని ‘హై’కి మార్చడం, యంత్రం మీద వేరే పని నడవనప్పుడు ఏమీ మార్చదు. ప్రివ్యూ కిటికీ మూసేస్తే పాత యంత్రాల్లో కాస్త లాభం. లాప్‌టాప్ మాత్రం ఎండాకాలం మధ్యాహ్నం వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. గంటసేపు ఎన్‌కోడింగ్ సాగాక సెకనుకు నడిచే ఫ్రేముల సంఖ్య పడిపోతుంటే ఫ్యానులో దుమ్ము చూడాలి.

గ్రాఫిక్స్ చిప్‌తో ఎన్‌కోడింగ్ విషయంలో ప్రచారం ఎక్కువ. ఇంటెల్ 2011లో క్విక్ సింక్‌ను, ఎన్విడియా 2012లో ఎన్‌వెంక్‌ను తెచ్చాయి. రెండూ హెచ్.264కు చాలా వేగమైనవి. బ్లూరే డిస్కుకో పెన్‌డ్రైవ్‌కో అయితే వాడుకోవచ్చు. ఒకే బిట్‌రేటు దగ్గర తొలి తరాల చిప్‌లు నెమ్మదైన సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్లకన్నా బొమ్మను మసకబార్చేవి. బిట్లు ధారాళంగా ఉన్నచోట అది పట్టించుకోదగ్గది కాదు. కానీ మామూలు డీవీడీ ప్లేయర్ హెచ్.264ను ఆడించదు, దానికి ఎంపెగ్-2 కావాలి. ఎన్విడియా ఎన్‌వెంక్‌కు ఎంపెగ్-2 రాయడమే రాదు. ఇంటెల్ చిప్‌లలో కొన్ని తరాలకు వచ్చు. అయినా ఇంత చిన్న ఫ్రేమును ఇప్పటి ప్రాసెసర్ తనంతట తానే సెకనుకు వందల ఫ్రేముల చొప్పున రాయగలదు కనుక దానికోసం తాపత్రయపడనక్కరలేదు.

అన్నిటికన్నా ఎక్కువ కాలాన్ని వృథా చేసేది, చెప్పాలంటే, ఒకే వీడియోను రెండుసార్లు ఎన్‌కోడ్ చేయడం. ఎడిటర్‌లో పని ముగించి ఎంపీ4గా బయటికి తీస్తారు. ఆ ఎంపీ4ను డీవీడీ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తారు. అది మళ్లీ విప్పి ఎంపెగ్-2గా మారుస్తుంది. రెండు రెట్ల సమయం, రెండుసార్లు నాణ్యత నష్టం. ఎడిటర్ నుంచే డీవీడీ ప్రమాణాలకు సరిపోయే ఎంపెగ్-2 తీస్తే, మంచి డీవీడీ సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తించి అలాగే తీసుకుంటుంది. గుర్తించకుండా మళ్లీ మొదలుపెడుతోందంటే ఏదో ఒక అంశం ప్రమాణానికి అవతల ఉందన్నమాట. ఎక్కువగా అది ఆడియోలోని 44.1 కిలోహెర్ట్జ్. సీడీ పాటలు కలిపినప్పుడు ఇది వస్తుంది, డీవీడీకి 48 కావాలి. ఆ ఒక్క అంకె సరిచేస్తే వీడియో జోలికి పోకుండా ఊరుకుంటుంది.

2000ల మధ్యలో వచ్చిన కొన్ని హార్డ్ డిస్క్, మినీ డీవీడీ క్యామ్‌కార్డర్లు నేరుగా ఎంపెగ్-2లోనే రికార్డు చేసేవి. వాటి వీడియోను కత్తిరించి అతికించడానికి ‘స్మార్ట్ రెండరింగ్’ ఉన్న ఎడిటర్ దొరికితే, కత్తిరించిన చోట ఉన్న కొద్ది ఫ్రేముల గుంపునే కొత్తగా రాసి మిగతాదంతా యథాతథంగా నకలు చేస్తుంది. గంటల పని నిమిషాల్లో అయిపోతుంది. హెచ్.264లో రికార్డు చేసే ఏవీసీహెచ్‌డీ క్యామ్‌కార్డర్ వీడియోను బ్లూరే ప్లేయర్ ఉన్న ఇంటికి ఇవ్వాలంటే ఏ ఎన్‌కోడింగూ లేకుండా మామూలు డీవీడీ మీదే ఏవీసీహెచ్‌డీ డిస్కుగా రాసుకోవచ్చు. చాలా బ్లూరే ప్లేయర్లు దాన్ని ఆడిస్తాయి.

ఎన్‌కోడ్ అయ్యాక ఫైలు డిస్కులో పట్టకుండా కొద్దిగా మించితే మళ్లీ మొదటికి వెళ్లనక్కరలేదు. 2004 నాటి డీవీడీ ష్రింక్ ఈ పనికి వాడిన ఉపాయం ఇప్పటికీ ముచ్చటైనదే. అది వీడియోను పూర్తిగా విప్పదు. కదలికల సమాచారాన్ని ముట్టుకోకుండా, మిగిలిన తేడాల అంకెలను మాత్రం మరికాస్త మోటుగా గుండ్రం చేసి తిరిగి సర్దుతుంది. 81 లక్షల కోట్ల తేడాల లెక్క జోలికే పోదు, అందుకే అంత వేగం. లోపం ఏమిటంటే, ఒక ఫ్రేములో చేసిన గుండ్రం తర్వాతి ఫ్రేములకు పాకి, గుంపు చివరికి వచ్చేసరికి బొమ్మ కాస్త చెదురుతుంది. పదో ఇరవయ్యో శాతం తగ్గించడానికి చాలు, సగానికి కుదించడానికి కాదు.

కూర్పు దశలో హార్డ్ డిస్క్ ప్రాధాన్యం పెరుగుతుంది. ఎన్‌కోడింగ్‌లో డీవీ టేపు ఫైలు చదవడానికి సెకనుకు 3.6 మెగాబైట్లే కావాలి, పదింతల వేగంతో నడిచినా 36. ఇది పెద్ద భారం కాదు. కానీ ఎన్‌కోడ్ అయిన వీడియో, ఆడియోలను కలిపి డీవీడీ ఫైళ్లుగా మార్చడం, వాటిని డిస్కు మొత్తానికి అచ్చు నకలైన ఒకే ఐఎస్‌ఓ ఫైలుగా చుట్టడం అనే రెండు దశల్లో నాలుగు గిగాబైట్లకు పైగా డేటా ప్రతిసారీ చదివి రాయాలి. ఒకే పాత హార్డ్ డిస్కు చదువుతూ రాస్తూ ముల్లును అటూ ఇటూ పరుగెత్తిస్తుంది. చదివేది ఒక డిస్కు, రాసేది మరో డిస్కు అయితే, లేదా ఎస్‌ఎస్‌డీ ఉంటే, ఈ బాధ ఉండదు.

ఐఎస్‌ఓ ఒకసారి తయారైతే దాన్ని జాగ్రత్తగా ఉంచుకోవాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ప్రాజెక్టు తెరిచి ‘బర్న్’ నొక్కిన ప్రతిసారీ ఎన్‌కోడింగ్ మొదటినుంచీ సాగుతుంది. పది మంది బంధువులకు పది కాపీలు కావాలంటే అది పది రాత్రుల పని. ఐఎస్‌ఓ నుంచి రాస్తే ఒక్కో కాపీ ఒక్కో టీ తాగేంత సేపు. రాసే వేగం 8ఎక్స్ నుంచి 16ఎక్స్‌కు పెంచినా మిగిలేది రెండు మూడు నిమిషాలే. ఎందుకంటే 16ఎక్స్ అనేది డిస్కు బయటి అంచు దగ్గర మాత్రమే అందే వేగం. చవక డిస్కు మీద తొందరపడి ఒక కాపీ చెడిపోతే ఆ ఆదా అంతా ఆవిరి. సాన్యో 2000లో తెచ్చిన బర్న్-ప్రూఫ్ తర్వాత రైటర్లకు డేటా అందడం కాసేపు ఆగినా డిస్కు పాడవదు. కాబట్టి ఒక డిస్కు రాస్తుండగా వెనక మరో వీడియో ఎన్‌కోడ్ చేసుకోవడానికి భయపడనక్కరలేదు.

ఆ కాపీల్లో ఒకటి అమెరికాలో ఉన్న కూతురికో తమ్ముడికో వెళ్లేదైతే ఇంకో లెక్క చూసుకోవాలి. అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ: 720×480, సెకనుకు 29.97 ఫ్రేములు. అక్కడ కొన్న డీవీడీ ప్లేయర్లలో ఎన్నో పాల్ డిస్కును ఆడించవు. దీన్ని రీజియన్ కోడ్ (డిస్కు ఏ ప్రాంతంలో ఆడాలో నియంత్రించే గుర్తు) సమస్యగా పొరబడతారు, ఇంట్లో రాసిన డిస్కుకు రీజియన్ కోడ్ ఉండదు. మన దగ్గర అమ్ముడైన ప్లేయర్లు చాలావరకు రెండు పద్ధతులనూ ఆడిస్తాయి. ఫోన్ వీడియో చాలావరకు సెకనుకు 30 ఫ్రేములతో ఉంటుంది. దాన్ని 25కు దించితే కదలిక కుదుపుగా మారుతుంది. కుదుపు పోగొట్టబోతే మధ్య ఫ్రేములను కల్పించే అతి నెమ్మదైన ఫిల్టర్ పెట్టాలి. 29.97కు మార్చడం మాత్రం వెయ్యి ఫ్రేములకు ఒకటి వదిలేసినంత తేలిక. అందువల్ల ఫోన్‌లో తీసిన పెళ్లికి మొదటే ఎన్‌టీఎస్‌సీ డిస్కు చేస్తే రాజమండ్రిలోనూ డాలస్‌లోనూ అదే ఐఎస్‌ఓ పనికొస్తుంది. పాల్ పద్ధతిలో తీసిన మినీ డీవీ టేపుకు ఈ సౌలభ్యం లేదు. దాన్ని ఎన్‌టీఎస్‌సీకి మార్చడం ఇంటి కంప్యూటర్‌లో జరిగే పనుల్లోకెల్లా నెమ్మదైనది, ఫలితమూ అంతంత మాత్రమే. పాల్ డిస్కునే పంపి, ప్లేయర్‌లో కాకుండా కంప్యూటర్‌లో పెట్టుకుని చూడమని చెప్పడం మేలు.